మూడేళ్ల బాబుకు స్పేసర్‌తో ఇన్‌హేలర్: మందు లోపలికి వెళ్తోందా?

ప్రశ్న (లీడ్స్, సొంతూరు బొబ్బిలి)

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్ వచ్చాక ఇదే మొదటి చలికాలం. మా బాబుకు మూడేళ్లు. జలుబు చేస్తే చాలు, రాత్రంతా దగ్గు, పిల్లికూతలు. బొబ్బిలిలో అయితే క్లినిక్‌కు తీసుకెళ్లి నెబులైజర్ పెట్టించుకుని వచ్చేవాళ్లం. ఇక్కడ నర్సు నీలం ఇన్‌హేలర్, దానికి అమర్చి మందు పీల్పించే, మాస్కు తగిలించిన ప్లాస్టిక్ గొట్టం (స్పేసర్) ఇచ్చి ఒక్కసారి చూపించారు. మాస్కు దగ్గరికి తేగానే బాబు తల తిప్పేసి ఏడుస్తాడు. మందు లోపలికి వెళ్తోందో గాలిలో పోతోందో తెలియడం లేదు. పైగా అత్తయ్యగారు ఫోనులో, ఇన్‌హేలర్ అలవాటు చేస్తే ఇక వదలదని భయపడుతున్నారు. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు (మాంచెస్టర్, సొంతూరు చీపురుపల్లి)

అమ్మా, మా అమ్మాయికి ఆ వయసులోనే మొదలైంది. మూత తీసి ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, నిలువుగా స్పేసర్ వెనుక రంధ్రంలో పెట్టండి. కొత్తదైనా, కొన్ని రోజులుగా వాడకపోయినా ముందు రెండుసార్లు గాలిలోకి నొక్కి చూడాలి. మాస్కు ముక్కునూ నోటినీ కలిపి కప్పాలి, చుట్టూ ఎక్కడా సందు ఉండకూడదు. అసలు కిటుకంతా ఇక్కడే. బుగ్గ దగ్గర కాస్త సందున్నా బాబు బయటి గాలే పీల్చుకుంటాడు, మందు గొట్టంలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు ఒక్కసారి నొక్కండి, ఒక్కసారే. మాస్కు తీయకుండా మామూలుగా అయిదుసార్లు ఊపిరి తీసుకుని వదలనివ్వండి. ఊపిరితో పాటు చిన్న కవాటం కదులుతుంటుంది, దాన్ని చూసి లెక్కపెట్టండి. రెండో పఫ్ రాసి ఉంటే అర నిమిషం నుంచి నిమిషం వరకు ఆగి, మళ్లీ కుదిపి, మళ్లీ మొదటి నుంచి. తొందరలో రెండు పఫ్‌లు ఒకేసారి కొట్టేవాళ్లను చాలామందిని చూశాను. మందు స్పేసర్ గోడలకు అంటుకుని, లోపలికి వెళ్లేది తగ్గిపోతుంది.

ఏడుస్తూ ఉంటే మందు చాలావరకు నోట్లోనూ గొంతులోనూ ఆగిపోతుంది, ఊపిరితిత్తులకు చేరదు. కాబట్టి ఆయాసం లేని రోజుల్లో మాస్కును ఆటవస్తువులా చేతికివ్వండి. బొమ్మకు పెట్టించండి, మీరు పెట్టుకుని చూపించండి. మందు ఇచ్చేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడి వీపు మీ ఛాతీకి ఆనించి, ఒక చేత్తో చేతులు పట్టుకోండి. అయిదూ తెలుగులోనే పాడుతూ లెక్కపెట్టండి. కొద్ది రోజుల్లో వాడే ముందుగా అంటాడు.

అత్తయ్యగారికి చెప్పండి: నీలం ఇన్‌హేలర్‌లోని సాల్బ్యుటమాల్ మత్తుమందు కాదు. బిగుసుకున్న శ్వాసనాళాల కండరాలను నిమిషాల్లో వదులు చేస్తుంది. మన ఊళ్లో ఆస్తాలిన్ పేరుతో దొరికేదీ ఇదే మందు. అయితే తరచూ అవసరం పడుతుంటే జబ్బు అదుపులో లేదని అర్థం. అప్పుడు డాక్టరును మళ్లీ కలవాలి. రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా ఇస్తే, వాడిన ప్రతిసారీ బాబు ముఖం కడిగి, నోరు పుక్కిలింపించండి. లేదంటే నోట్లో తెల్లటి పూత (ఫంగస్) రావచ్చు.

జవాబు (బర్మింగ్‌హామ్, సొంతూరు నెల్లిమర్ల)

ఇన్‌హేలర్ సంగతి అక్కయ్యగారు చక్కగా చెప్పారు. నేను వేరే మాట అడుగుతాను. మీ పడకగది గోడ మూలల్లో నల్ల బూజు ఉందా? బీరువా వెనక చూశారా?

మా పాత ఇంట్లో పాప మంచం పక్క గోడంతా బూజే. ఇంటి అద్దె ఏజెంటు వచ్చి, మీరు అన్నం వండి ఆవిరి పెడతారు, బట్టలు ఇంట్లో ఆరేస్తారు, అందుకే ఇలా అని ఒక కాగితం చేతిలో పెట్టి వెళ్లాడు. బ్లీచింగ్‌తో తుడిచాం, నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఫోను చేస్తే రేపంటాడు, ఎల్లుండంటాడు. చివరికి ఫోటోలు తేదీలతో సహా ఈమెయిల్‌లో పంపి, పాప డాక్టరు ఇచ్చిన ఉత్తరం జతచేసి, కౌన్సిల్‌లోని పర్యావరణ ఆరోగ్య విభాగానికి రాశాను. వాళ్ల అధికారి వచ్చి బయటి గోడ చూశాడు. వాననీటి గొట్టం పగిలి ఎన్నాళ్లుగానో నీరు గోడలోకి దిగుతోంది! మా అన్నానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు రగులుతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అదే బూజు చూపించి డిపాజిట్‌లో కోత పెట్టబోయారు. డిపాజిట్ తీసుకున్న 30 రోజుల్లో రక్షణ పథకంలో జమ చేయాలి. మీది జరిగిందో లేదో ఇవాళే చూసుకోండి. ఇంకోటి, బూజు విషయంలో ఇప్పుడు అవాబ్ చట్టం వచ్చింది. ఇంటి యజమాని గడువులోగా బాగుచేసి తీరాలి.

జవాబు (క్రాయిడన్, సొంతూరు టెక్కలి)

అన్నయ్యా, ఆ చట్టం 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లో సామాజిక గృహాలకు (కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ల ఇళ్లకు) మాత్రమే అమల్లోకి వచ్చింది. ఈమె అద్దెకున్నది ప్రైవేటు ఇల్లయితే ఆ గడువులు వర్తించవు. రోచ్‌డేల్‌లో అవాబ్ అనే రెండేళ్ల పసివాడు బూజు వల్ల 2020లో చనిపోయాక వచ్చిన చట్టం అది. మనం తప్పుగా చెబితే, కొత్తగా వచ్చినవాళ్లు యజమాని ముందు మాట పడతారు. ప్రైవేటు అద్దెకు 2018 నాటి నివాసయోగ్యత చట్టం ఉంది, దాన్ని పట్టుకోవచ్చు.

జవాబు (గ్లాస్గో, సొంతూరు పలాస)

ఈ గొట్టాలతో ఎందుకు తంటా? ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే ఒక నెబులైజర్ తెప్పించుకోండి. విశాఖలో ఏ మందుల దుకాణంలోనైనా దొరుకుతుంది. మాస్కు పెట్టి కూర్చోబెడితే పని అయిపోతుంది. మేమంతా అలాగే పెంచాం.

జవాబు (మాంచెస్టర్, సొంతూరు చీపురుపల్లి)

బాబాయ్‌గారూ, మీ మీద గౌరవంతోనే అడ్డుచెబుతున్నాను. తీవ్రంగా లేని ఆయాసంలో సరిగ్గా వాడిన స్పేసర్ నెబులైజర్‌కు తీసిపోదు. ఆసుపత్రుల్లో కూడా పిల్లలకు స్పేసరే ముందు ఇస్తున్నారు. నిపుణుల పర్యవేక్షణ లేకుండా ఇళ్లలో పిల్లలకు నెబులైజర్ వాడవద్దని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. కారణం చిన్నది కాదు. ఇంట్లో మిషన్ ఉందన్న ధీమాతో తల్లిదండ్రులు ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తారు.

అమ్మా, ఇది మాత్రం రాసి ఫ్రిజ్ మీద అంటించండి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా వెంటనే 999కు ఫోను చేయండి. అంబులెన్సు వచ్చేలోగా అర నిమిషం నుంచి నిమిషానికొక పఫ్ చొప్పున పది వరకు స్పేసర్‌తో ఇవ్వవచ్చు. నీలం ఇన్‌హేలర్ ఇచ్చిన ఉపశమనం నాలుగు గంటలు కూడా నిలవకపోతే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

జవాబు (గ్లాస్గో, సొంతూరు పలాస)

సరే తల్లీ. కానీ మా రోజుల్లో ఆ నెబులైజరే పిల్లల్ని గట్టెక్కించింది, ఆ మాట కాదనకండి.

అడిగినవారు (లీడ్స్, సొంతూరు బొబ్బిలి)

అందరికీ ధన్యవాదాలు. బీరువా జరిపి చూశాం, మూలన బూజు ఉంది. ఫోటోలు తీశాం. ఇంకో సందేహం, నిద్రలో ఉన్నప్పుడు పెట్టవచ్చా? స్పేసర్ ఎలా కడగాలి? ఇంకొకటి కావాలంటే కొనాలా?

జవాబు (క్రాయిడన్, సొంతూరు టెక్కలి)

నిద్రలో పెడితే పిల్లలు చాలావరకు ఉలిక్కిపడి లేస్తారు, మాస్కు జారుతుంది. రాత్రి ఆయాసం వస్తే లేపి కూర్చోబెట్టి ఇవ్వండి.

కడగడానికి గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, స్పేసర్ విడదీసి పావుగంట నానబెట్టండి. లోపల పీచుతో రుద్దకండి, గుడ్డతో తుడవకండి. తుడిస్తే ప్లాస్టిక్‌కు స్థిరవిద్యుత్తు పట్టి మందును గోడలకు లాక్కుంటుంది. దానంతటదే ఆరాలి. కొత్తదాన్ని వాడే ముందు ఒకసారి, తర్వాత నెలకొకసారి చాలు. ఏడాదిలోపు మార్చేయండి.

కొననక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 16 ఏళ్లలోపు పిల్లలకు చీటీ మీద ఇచ్చే మందులకు డబ్బు తీసుకోరు, స్పేసర్‌ను కూడా చీటీ మీదే రాయించుకోవచ్చు. నర్సరీకి వేరే ఇన్‌హేలర్, వేరే స్పేసర్ రాయమని డాక్టరును అడగండి. రెండింటి మీదా బాబు పేరు రాసి, ఎలా పట్టుకోవాలో అక్కడి టీచరుకు మీరే ఒకసారి చేసి చూపించండి.