వాణిజ్య పేజీల్లో ‘నైతిక మదుపు’: మీ అనుభవం చెప్పండి (చర్చ)

అలిపిరి బాట: పదవీ విరమణ సొమ్ములో కొంత, పర్యావరణం, సమాజం, పాలన చూసి కంపెనీలను ఎంచుకునే ఈఎస్‌జీ (‘నైతిక’) ఫండ్‌లో పెడదామని మూడు నెలలుగా వాణిజ్య పేజీలు శ్రద్ధగా చదువుతున్నాను. పైన పచ్చని ఆకు బొమ్మ, కింద ఏడాది రాబడి పట్టిక తప్ప, ఆ ఫండ్ ఏ కంపెనీని ఎందుకు పక్కన పెట్టిందో చెప్పిన వ్యాసం ఒక్కటీ కనబడలేదు. ఇలాంటి రాతలు నమ్మి మదుపు చేసినవారు ఉంటే తమ అనుభవం తెలుపగలరు.

చాక్‌పీసు, చిత్తూరు: ఫండ్ల సంగతి నాకు తెలియదు గాని నమ్మకం సంగతి తెలుసు. 2008లో సత్యం సంస్థకు కార్పొరేట్ పాలనలో గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చిందన్న వార్తను కామర్స్ తరగతిలో ఆదర్శంగా చదివి వినిపించినవాణ్ణి నేను. ఖాతాల్లో చూపిన నగదులో వేల కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న ఛైర్మనే ఉత్తరం రాశారు. మరునాడు చివరి బెంచీ కుర్రాడు ఆ కత్తిరింపును తెచ్చి, మాట్లాడకుండా నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

ఫండ్ల మేస్త్రి: పదిహేడేళ్లుగా తిరుపతిలో ఫండ్లు అమ్ముతున్నవాడిగా చెబుతున్నాను, మీరందరూ మూలాన్నే మరిచారు. ఈఎస్‌జీ రేటింగు కంపెనీ పుణ్యపాపాలను తూచదు. పర్యావరణం, కార్మికులు, పాలన వంటి విషయాల వల్ల ఆ కంపెనీ ఆదాయానికి రాగల ముప్పును ప్రధానంగా కొలుస్తుంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2023లోనే ఈఎస్‌జీ ఫండ్లకు ఆరు రకాల వ్యూహాలను విడదీసి, పథకం పేరులోనే ఆ వ్యూహం తెలియాలని చెప్పింది. అది చదవకుండా పత్రికలను నిందించడం సబబు కాదు.

తిలక్ రోడ్డు పాఠకుడు: రెగ్యులర్ ప్లాన్‌లో కమీషన్ తీసుకునే మేస్త్రిగారు పత్రికలను వెనకేసుకురావడంలో వింత లేదు. ముప్పును కొలిచేదానికి ‘నైతికం’ అని శీర్షిక పెట్టినది ఎవరు? 2022 మేలో షేర్ల సూచీలు రూపొందించే ఎస్ అండ్ పీ తన ఈఎస్‌జీ సూచీ నుంచి విద్యుత్ కార్ల టెస్లాను తీసివేసి చమురు కంపెనీ ఎక్సాన్‌ను ఉంచింది. టెస్లా ఫ్రీమాంట్ కర్మాగారంలోని జాతి వివక్ష ఆరోపణలు అందుకు ఒక కారణమని అది చెప్పినా, నేను చదివిన వార్తలన్నిటికీ ఈఎస్‌జీయే మోసమన్న టెస్లా అధిపతి మస్క్ ట్వీటే శీర్షిక.

ఫండ్ల మేస్త్రి: నా కమీషన్ సంగతి మీకెందుకండీ? ఆ ట్వీటు వార్తనే వెతికి చదివినది మీరే కదా!

మాజీ డెస్కు: ఇద్దరూ కాస్త శాంతించండి. ఫండ్ సంస్థ ప్రకటన సాయంత్రం ఆరింటికి వస్తుంది, ఏడింటికి పేజీ అచ్చుకు వదలాలి. రెండు వందల పేజీల నివేదిక చదవడానికి మా పత్రిక డెస్కులో మనిషే ఉండేవాడు కాదు. అంతకన్నా పెద్ద జబ్బు వేరే ఉంది. మీడియా సంస్థలు కంపెనీల్లో వాటాలు తీసుకుని, బదులుగా వాటికి ప్రచారం ఇచ్చే ఒప్పందాలున్నాయి. అలాంటి వాటాను సదరు కంపెనీ వార్తలోనే వెల్లడించాలని 2010లో సెబీ కోరగా ప్రెస్ కౌన్సిల్ ఒప్పుకుంది. అలా వెల్లడించిన వార్తను మీలో ఎవరైనా చూశారా?

తోతాపురి, బంగారుపాళెం: 2025లో మా తోతాపురి మామిడి కాయకు కిలో 12 రూపాయలని, అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని ప్రకటించినప్పుడు, ఆ వార్త నేను కొనే పత్రికలో జిల్లా పేజీకే పరిమితమైంది. గుజ్జు కొనే ఒక కంపెనీ నివేదికలో మాత్రం ‘రైతుతో బంధం’ అన్న శీర్షిక కింద ట్రాక్టర్ల వరుస ఫోటో ఉంది. అందులో మూడోది నాది. ఆ గేటు బయట రెండు రాత్రులు పడుకున్నాను. అడుగున ఉన్న కాయంతా మెత్తబడి నీరు కారింది.

అలిపిరి బాట: ఆ కంపెనీ పేరు ఇక్కడ వద్దు గాని, నాకు విడిగా పంపగలరా? నేను ఎంచుకున్న ఫండ్ జాబితా ఇప్పుడు ముందే పెట్టుకుని కూర్చున్నాను.