గోదావరి గట్టున ఒక కల్పిత ఊరికి పటం గీయడం ఎలా?

ప్రశ్న:
నేను రాస్తున్న నవల కోసం గోదావరి ఎడమ గట్టున, 1930ల నాటి ఒక కల్పిత పట్టణానికి పటం గీస్తున్నాను. రాజమహేంద్రవరం, విజయవాడ, హైదరాబాదు పాతబస్తీల నుంచి నచ్చినవన్నీ తెచ్చి పెట్టాను: కోట, రేవు, నాలుగు దారుల చౌరస్తా, రైలు స్టేషను, మూడు కాలువలు. అన్నీ ఉన్నా అది ఊరిలా కాక బొమ్మల కొలువులా కనిపిస్తోంది. ఏది ముందు గీయాలో, ఏది తర్వాత గీయాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు 1:
ముందు నీటి సంగతి తేల్చండి. విజయవాడలో ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచి పోవడానికి కారణం కృష్ణకు అడ్డంగా 1855లో పూర్తయిన ఆనకట్ట ఊరిని ఆనుకొని ఉండడమే. 1957లో దాని స్థానంలోనే ప్రకాశం బ్యారేజీ వచ్చింది. రాజమహేంద్రవరానికి ఆనకట్ట దిగువన ధవళేశ్వరంలో ఉంది కనుక డెల్టా కాలువలు అక్కడ మొదలవుతాయి. మీ ఊరు ఆనకట్టకు ఎగువనో దిగువనో నిర్ణయించకుండా కాలువలు గీస్తే నీరు మెరకకు ఎక్కవలసి వస్తుంది.

జవాబు 2:
పై సలహా మంచిదే గాని, నవలకు అంత ఇంజనీరింగు అవసరమా అని నా సందేహం. ఆర్.కె. నారాయణ్‌కు 1930లో విజయదశమి నాడు తన కథల్లోని కల్పిత పట్టణం మాల్గుడి తట్టినప్పుడు ముందు కనిపించింది ఒక చిన్న రైలు స్టేషను మాత్రమే. సరయూ నది, మెంపి కొండలు, లాలీ ఎక్స్‌టెన్షన్, కబీర్ వీధి వంటివి కథలకు కావలసిన కొద్దీ ఆ ఊళ్లో చేరాయి. జేమ్స్ ఫెనెలీ అనే అమెరికా పరిశోధకుడు పటం గీసింది చాలా కాలం తరువాత, ఆ కథల ఆధారంగానే. కాబట్టి మీ పాత్రలు నడిచే వీధులను సెంటీమీటరుకు వంద మీటర్ల చొప్పున గీసి, తక్కినది ఖాళీగా వదలండి. రేవు నుంచి స్టేషనుకు మనిషి ఎంతసేపట్లో నడుస్తాడో తెలిస్తే సగం చిక్కులు విడిపోతాయి.

జవాబు 3:
నాకు కనిపించిన లోపం వేరు. మీ పటంలో అన్నీ ఒకే రోజు పుట్టాయి. హైదరాబాదులో 1591 నాటి చార్మినారు నుంచి నాలుగు దిక్కులకూ దారులు వేశారు. 1908 మూసీ వరద తరువాతే ఉస్మాన్ సాగర్ కట్టారు, నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. (ఆ చౌరస్తా రాజధానిగా తలపెట్టి కట్టిన నగరానిది, రేవు చుట్టూ దానంతట అది పెరిగిన ఊరికి అతకదు, తీసేయండి.) రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలు వంతెన 1900లో వచ్చింది. మీరు కూడా మూడు ట్రేసింగ్ కాగితాలు తీసుకొని రైలుకు ముందు, రైలు వచ్చాక, ఒక పెద్ద వరద తరువాత అని ఒకదానిపై ఒకటి గీయండి. రైలు కట్ట పాత రేవు బాటను కోసిన చోట గేటు పడుతుంది. గేటు వేసినప్పుడల్లా బళ్లు బారులు తీరతాయి. ఆగిన బళ్ల కోసం సోడా కొట్టు, ఎడ్లకు గడ్డిమోపులు అమ్మేవాళ్లు, లాడం కొట్టేవాడు చేరతారు. పదేళ్లలో అదే బజారవుతుంది, రేవు వీధి బోసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆనకట్టను ఊరికి దిగువన పెట్టి, మూడు కాలువలూ, చౌరస్తా తీసేస్తున్నాను. కోటను మాత్రం వదులుకోలేను. కథానాయిక ఇల్లు దాని పూడిపోయిన కందకంలోనే ఉంది.