సారథ్యం అంటే నాయకత్వమా, పగ్గాలు పట్టడమా?

పొద్దున పేపర్లో క్రికెట్ వార్త: 'కొత్త కెప్టెన్ సారథ్యంలో జట్టు గెలిచింది'. సాయంత్రం తిరుపతి గోవిందరాజస్వామి గుడిలో పార్థసారథి సన్నిధి ముందు నిలబడితే ఆ మాటే మళ్ళీ మెదిలింది. పార్థుడంటే పృథ కొడుకు. పృథ అంటే కుంతి, కృష్ణుడి తండ్రి వసుదేవుడి తోబుట్టువు. అంటే ఆ పేరుకి మన ఇళ్ళలో మాట్లాడే తెలుగులో అర్థం 'మేనత్త కొడుకు రథం తోలినవాడు'. దేవుడి పేరులో ముందు నిలబడింది అర్జునుడే!

రథం మీద హుకుం రథికుడిది. గీత మొదటి అధ్యాయంలోనే "సేనయోరుభయోర్మధ్యే రథం స్థాపయ మేఽచ్యుత" అంటాడు అర్జునుడు. 'స్థాపయ', నిలుపు. అది ఆజ్ఞ. కృష్ణుడు మారుమాట లేకుండా తోలుకెళ్ళి నిలిపాడు. మరి చెప్పినట్టు తోలేవాడి పని మనకి నాయకత్వం ఎలా అయింది?

పలమనేరు నుంచి ఒక జవాబు:
అన్నా, అది చిన్న పనేనని శల్యుడూ అనుకున్నాడు. కర్ణుడికి సారథ్యం చెయ్యమంటే రాజునైన నేను సూతపుత్రుడి రథం తోలాలా అని మండిపడ్డాడు. అప్పుడు దుర్యోధనుడు త్రిపుర సంహారంలో శివుడికి బ్రహ్మ సారథి అయిన కథ చెప్పి, రథికుడికన్నా అధికుడే సారథిగా ఉండాలని ఒప్పించాడు. మీరడిగిన మలుపు భారతంలోనే ఉంది. 'పార్టీ పగ్గాలు' అంటాం కదా, అదీ ఈ దారిలో వచ్చిందే.

చిత్తూరు నుంచి ఇంకొకరు:
మా వైపు ధర్మరాజుల గుళ్ళలో భారతం ఉత్సవం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చిన్నప్పుడు నేను చూసిన ఆటలో రథం లేదు. కృష్ణ వేషగాడు చర్నాకోల పట్టుకుని ముందు నడిస్తే, అర్జున వేషగాడు భుజకీర్తులు ఊపుకుంటూ వెనకాల అడుగులో అడుగు వేసేవాడు. మాకు అదే రథం. ముందున్నవాడు తోలేవాడా, దారి చూపేవాడా అని అప్పుడు ఎవరం అడగలేదు.

చిత్తూరు అక్కా, మీ మాటతో నేనడిగిన ప్రశ్న ముడి విడిపోయింది. దారి తెలిసినవాడే ముందుంటాడు. కృష్ణుడు రథాన్ని రెండు సేనల మధ్య ఊరికే నిలపలేదు, సరిగ్గా భీష్మద్రోణుల ఎదుట నిలిపాడు. చోటు ఎంచింది సారథి! అక్కడ అర్జునుడి విల్లు జారింది. రెండో అధ్యాయానికి "శిష్యస్తేఽహం", నీ శిష్యుణ్ణి అన్నాడు, పద్దెనిమిదో అధ్యాయానికి "కరిష్యే వచనం తవ", నువ్వు చెప్పినట్టే చేస్తాను అన్నాడు. 'నిలుపు' అన్న నోటితోనే. సారథ్యం అనే మాట ఈ రెండు శ్లోకాల మధ్యే పెద్దదయిందని నా నమ్మకం.

అయినా ఆయన పగ్గం వదల్లేదు, అదే నాకు గొప్పగా అనిపిస్తుంది. సైంధవుణ్ణి చంపిన రోజు, యుద్ధం నడుమ గుర్రాలు డస్సిపోతే అర్జునుడు బాణం వేసి నేలలో నీరు పుట్టించాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, వాటి ఒంట్లో దిగిన బాణాలు తన చేత్తో పీకి, ఒళ్ళు నిమిరి, నీళ్ళు తాగించి, మేత వేసి, మళ్ళీ కట్టాడు. గీత చెప్పిన తర్వాత సంగతి ఇది.