ఉప్పునీళ్ల అక్వేరియంలోకి తెచ్చే కొత్త చేప ప్రతిదానికీ కాపర్ (రాగి మందు) వేయాలా, మచ్చ కనబడితేనే వేయాలా?

విశాఖ_రీఫ్:
కోరల్స్ ఉన్న ట్యాంక్‌లోకి పౌడర్ బ్లూ టాంగ్ అనే సముద్రపు చేపను తెద్దామనుకుంటున్నాను. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, మేత బాగా తింటోంది. అమ్మే ఆయన నేరుగా వదిలేసి వెల్లుల్లి కలిపిన మేత పెట్టమంటున్నాడు. మా తమ్ముడేమో నెల రోజులు విడిగా కాపర్‌లో ఉంచాలంటున్నాడు. జబ్బు లేని చేపకి మందెందుకు?

ఉప్పునీళ్లు:
మీ తమ్ముడి మాటే వినండి. వైట్ స్పాట్ (తెల్లమచ్చల జబ్బు) తెచ్చే క్రిప్టోకారియన్ అనే పురుగు మొప్పల్లో దాక్కుంటే పైకి మచ్చ కనబడదు. చేప మీద మూడు నుంచి ఏడు రోజులుండి రాలిపోతుంది. తర్వాత ఇసుకకో రాయికో అంటుకుని గట్టి తిత్తి కడుతుంది. అందులోంచి వచ్చిన పిల్లలు ఈదుతూ మళ్లీ చేపను వెతుక్కుంటాయి. మచ్చలు పోగానే తగ్గిపోయిందని సంబరపడతారు గానీ, టెన్షన్ పడాల్సింది అప్పుడే. కాపర్ చంపేది ఆ ఈదే పిల్లల్నే. చర్మం కింద ఉన్నదాన్నీ, తిత్తిలో ఉన్నదాన్నీ ఏమీ చేయలేదు. అందుకే నెల రోజులు.

రీఫ్‌లో, అంటే కోరల్స్ ఉన్న ట్యాంక్‌లో, కాపర్ వేస్తే కోరల్స్, రొయ్యలు, నత్తలు పోతాయి. కాబట్టి పురుగు ఒకసారి లోపలికొస్తే చేపలన్నిటినీ బయటికి తీసి ట్యాంక్‌ను 76 రోజులు చేపల్లేకుండా ఉంచాలి. తిత్తి 72 రోజుల దాకా బతికిన దాఖలా ఉంది మరి. పైగా టాంగ్‌లకి ఈ జబ్బు ఇట్టే అంటుకుంటుంది. వెల్లుల్లి సంగతంటారా, అది మేతకి రుచి, అంతే.

కాకినాడ_క్లౌన్:
అన్నా, కాపర్ కూడా విషమే కదా. కొన్ని చేపలు తిండే మానేస్తాయి. కాపర్ కొలిచే మీటర్ లేకుండా అంచనాతో పోసేవాళ్లే ఎక్కువ. నేనైతే 72 గంటలకోసారి శుభ్రమైన ట్యాంక్‌లోకి మారుస్తాను, 12 రోజుల్లో అయిపోతుంది. చేప మీంచి రాలిన పురుగులు పాత ట్యాంక్‌లోనే ఉండిపోతాయి. జబ్బు తట్టుకున్న చేపకి రోగనిరోధక శక్తి కూడా వస్తుంది.

ఉప్పునీళ్లు:
వైట్ స్పాట్ వరకు మీ పద్ధతి మంచిదే తమ్ముడూ. కానీ వెల్వెట్ అనే ఇంకో పురుగు జబ్బు వస్తే? ఒంటి మీద సన్నటి పొడి చల్లినట్టుంటుంది, మనం గుర్తుపట్టేలోపే ట్యాంక్ ఖాళీ. దానికి ఈ మార్పిడిని నమ్ముకోలేం, కాపర్ రెండింటికీ పనిచేస్తుంది. రోగనిరోధక శక్తి కొన్ని నెలలే, అదీ పూర్తిగా కాదు.

హేచరీ_కుర్రాడు:
పండుగప్పకీ ఈ పురుగే పడుతుందండి. అది మంచినీళ్లలోనూ బతికే చేప కాబట్టి ఉప్పు తగ్గిస్తే చాలు, పురుగు పోతుంది. టాంగ్‌కి ఉప్పు అంతగా తగ్గించలేం, నీటి సాంద్రత (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.009 దగ్గర ఆపాలి. అది పైకి జరిగితే వైద్యం వృథా. వెల్వెట్‌కి మాత్రం ఇది పనిచేయదు.

విశాఖ_రీఫ్:
సరే, మీటర్ కొంటాను. విడి ట్యాంక్‌లో రాళ్లు, ఇసుక వేయొచ్చా?

ఉప్పునీళ్లు:
వద్దు, కాపర్‌ని లాగేసుకుంటాయి. దాక్కోడానికి పీవీసీ పైపు ముక్కలు వేయండి. ఫిల్టర్ స్పాంజిని ఇప్పుడే మీ సంప్‌లో (మెయిన్ ట్యాంక్‌కి కలిపిన ఫిల్టర్ తొట్టిలో) పడేయండి, చేప వచ్చేసరికి నీళ్లను శుభ్రం చేసే బ్యాక్టీరియా పట్టి ఉంటుంది. కీలేటెడ్ కాపర్ (వేరే పదార్థంతో బంధించిన రకం) అయితే 2 నుంచి 2.5 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు), ఒకేసారి కాకుండా రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచండి.

కాకినాడ_క్లౌన్:
తిండి మానేస్తే మాత్రం ఆపేయండి. నా మాట నాదే.