ఫోర్త్ యాక్సిస్‌లో బ్యారెల్ క్యామ్: ఏ టూల్‌పాత్ పెట్టాలి?

జీడిమెట్ల_సెట్టర్
అన్నలూ, సలహా కావాలి. ఫార్మా ప్యాకింగ్ మెషిన్‌కి బ్యారెల్ క్యామ్ (ఒంటి మీద రోలర్ నడిచే గాడి ఉన్న గుండ్రటి షాఫ్ట్) వచ్చింది, ఫోర్త్ యాక్సిస్ మీద, అంటే జాబ్‌ని తిప్పే రోటరీ మీద కొట్టాలి. ఈఎన్24 (గట్టి అల్లాయ్ స్టీల్) మెటీరియల్, వ్యాసం 100 మి.మీ., రోలర్ నడిచే గాడి వెడల్పు 16, లోతు 12. ఒక చివర రెండు ఫ్లాట్లు, ఒక కీవే (కీ కూర్చునే గాడి). సాఫ్ట్‌వేర్‌లో మల్టీయాక్సిస్ మెనూ తెరిస్తే ఏ టూల్‌పాత్ (కట్టర్ నడిచే దారి) నొక్కాలో తెలియట్లేదు. మా ఓనరేమో "అంత డబ్బు పోసి రోటరీ కొన్నది ఎందుకు, అన్నీ కంటిన్యూస్‌లోనే కొట్టెయ్" అంటున్నాడు.

బాలానగర్_టూల్‌రూమ్
ఫ్లాట్లకీ కీవేకీ కంటిన్యూస్, అంటే రోటరీ తిరుగుతూనే కోయడం, ఎందుకు తమ్ముడూ? తిప్పు, బ్రేక్ వెయ్యి, మామూలు త్రీ యాక్సిస్ టూల్‌పాత్‌తో కొట్టు. మన దగ్గర ఎక్కువగా ఉన్నవి వార్మ్ గేర్ రోటరీలు, కొంచెమైనా బ్యాక్‌లాష్ (గేర్ పళ్ల మధ్య వదులు) ఉంటుంది. బ్రేక్ లేకుండా సెంటర్‌కి పక్కగా లోడ్ పడిందంటే జాబ్ ఊగుతుంది, ఫినిష్ మీద గీతలు పడతాయి. బ్రేక్ కోడ్ చాలా మెషిన్లలో ఎం10, తీయడానికి ఎం11. అయినా మీ మాన్యువల్ ఒకసారి చూసుకో.

చర్లపల్లి_ప్రోగ్రామర్
అసలు తలనొప్పి గాడిదే. అందరూ చేసేది ర్యాప్: గాడిని చదునుగా పరిచి గీసి, వై బదులు ఏ-యాక్సిస్ (రోటరీ) తిప్పడం. 16 కట్టర్‌తో మధ్యలో ఒకేసారి పోతే గోడలు సరిగ్గానే వస్తాయి. కానీ ఒక గోడ క్లైంబ్‌లో (కట్టర్ పళ్లు జాబ్ కదిలే దిశలో), రెండోది కన్వెన్షనల్‌లో (ఎదురు దిశలో) తెగుతుంది. కట్టర్ అరిగితే సైజు సరిచేసే దారీ లేదు. అందుకని 12 కట్టర్ పెట్టి అటు 2, ఇటు 2 మి.మీ. జరిపి ఫినిష్ చేద్దామనుకుంటాం. తేడా వచ్చేది అక్కడే.

ర్యాప్‌లో ఆ 2 మి.మీ. జరగడం కూడా రోటరీ తిరిగే జరుగుతుంది. 50 రేడియస్ మీద అది సుమారు 2.3 డిగ్రీలు, గోడ అంత వాలుతుంది. గాడి షాఫ్ట్ పొడవు వెంట సాగే చోట 12 లోతుకి ఒక్కో వైపు దాదాపు అర మి.మీ., అంటే అడుగున మొత్తం 1 మి.మీ. దాకా ఇరుకు. గాడి చుట్టూ తిరిగే చోట, అంటే డ్వెల్‌లో, ఆ జరుపు ఎక్స్‌లోకి (షాఫ్ట్ పొడవు వెంట) పోతుంది కాబట్టి అక్కడ తేడా ఉండదు. డ్వెల్ దగ్గర గేజ్ పెట్టి ఓకే అనేస్తారు, రోలర్ మాత్రం లిఫ్ట్ దగ్గర, అంటే గాడి పొడవు వెంట సాగే చోట, పట్టేస్తుంది.

కావలసింది ఇది: ఏ-యాక్సిస్ గాడి మధ్యరేఖనే పట్టుకుని తిరగాలి, కట్టర్ ఎక్స్, వైలలో పక్కకి జరగాలి. టూల్ యాక్సిస్ కంట్రోల్ ఉన్న మల్టీయాక్సిస్ పాత్ అవసరమయ్యేది దీనికే.

కుషాయిగూడ_జాబ్‌షాప్
ఫీడ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 100 వ్యాసం మీద 1 డిగ్రీ అంటే 0.87 మి.మీ., అదే 10 వ్యాసం మీద 0.087. పోస్ట్ (టూల్‌పాత్‌ని మెషిన్ కోడ్‌గా మార్చేది) నిమిషానికి డిగ్రీల లెక్కన ఫీడ్ ఎఫ్200 ఇచ్చిందంటే 100 మీద 175 మి.మీ. వేగం, 20 మీద 35 మాత్రమే. జీ93 (ఫీడ్‌ని టైమ్ లెక్కన ఇచ్చే కోడ్) పెట్టించుకోండి. అందులో ప్రతి కటింగ్ లైన్‌లోనూ ఎఫ్ ఉండాలి, లేకపోతే అలారం.

ఉప్పల్_మిల్లర్
నాదొక పక్క ప్రశ్న. గాడి కాదు, మెలి తిరిగిన షాఫ్ట్ ఫినిషింగ్. బాల్ నోస్ (గుండ్రటి మొన కట్టర్) తో స్పైరల్‌లో తీస్తే గీరినట్టు వస్తోంది.

చర్లపల్లి_ప్రోగ్రామర్
వై సున్నా మీద, అంటే షాఫ్ట్ సెంటర్‌కి సరిగ్గా పైన, నడిపితే బాల్ నోస్ మొనే తాకుతుంది. మొన దగ్గర కటింగ్ స్పీడ్ సున్నా, కోయదు, రుద్దుతుంది. వైలో కొంచెం పక్కకి జరిపి చూడండి.

బాలానగర్_టూల్‌రూమ్
నేనైతే స్పైరల్ మానేసి పొడవు వెంట గీతలు పెడతాను. రోటరీ స్టెప్‌ఓవర్‌కి (ఒక గీత నుంచి పక్క గీతకి జరగడానికి) మాత్రమే తిరుగుతుంది, పాత టేబుల్‌కి అదే హాయి.

చర్లపల్లి_ప్రోగ్రామర్
రోటరీ మంచిదైతే స్పైరలే. పొడవు గీతలు పెడితే మొదలూ చివరా కలిసే చోట జాయింట్ కనిపిస్తుంది అన్నా, పాలిష్ చేసేవాడు తిడతాడు.

జీడిమెట్ల_సెట్టర్
పోస్ట్ చేసిన ప్రోగ్రామ్ తీసి చూశాను. గాడి ఫినిషింగ్ అంతా వై సున్నా మీదే ఉంది, అంటే జరుపు రోటరీతోనే! పాత్ మారుస్తాను. ఫ్లాట్లు, కీవే ఇండెక్సింగ్‌లోనే (తిప్పి, బ్రేక్ వేసి). ఓనర్‌కి ఆ వాలు లెక్క కాగితం మీద గీసి చూపిస్తాను.

చర్లపల్లి_ప్రోగ్రామర్
ముందు నైలాన్ రాడ్ మీద కొట్టు. రోలర్ వేసి లిఫ్ట్ దగ్గర చేత్తో తిప్పి చూసి, ఆ తర్వాతే ఈఎన్24 ఎక్కించు. టెయిల్‌స్టాక్ (జాబ్ రెండో చివరని పట్టే సపోర్ట్) మర్చిపోకు.