‘న్యాయమునే వెంటాడుము’: ఎక్కడిది?

కాకినాడ కాజా: మూడు రోజులుగా ఒక వాక్యం బుర్రలో తిరుగుతోంది: ‘న్యాయమునే వెంటాడుము’. అమ్మమ్మ పాత బైబిల్ చదువుతుంటే విన్నట్టు గుర్తు. ఆదివారం ఇక్కడ (న్యూజెర్సీ) వలసదారుల తరఫున ఊరేగింపు జరిగితే వెళ్లాను. మా పక్కింటి పెద్దావిడ రిఫార్మ్ (ఉదారవాద శాఖ) యూదు. అట్టముక్క మీద మూడు హీబ్రూ మాటలు రాసి పట్టుకుంది. మధ్యలో మార్కర్ ఎండిపోయిందేమో, రెండో మాట వెలిసిపోయినట్టుంది. చదివి వినిపించింది: త్సెదెక్ త్సెదెక్ తిర్దోఫ్. అంటే ‘న్యాయాన్ని, న్యాయాన్ని వెంటాడు’ అని. ద్వితీయోపదేశకాండం 16:20 అట. తర్వాతి అధ్యాయంలోనే రాజన్నవాడు గుర్రాలు, వెండి బంగారాలు విపరీతంగా కూడబెట్టకూడదని ఉందట, అందుకే ఆవిడకి ఆ భాగమంటే మహా ఇష్టం. ఇంటికొచ్చి తెలుగులో వెతికితే ‘వెంటాడుము’ లేదు! మరి నాకెక్కడ పట్టుకుంది ఇది?

అరసున్న: అక్కడున్నది ‘కేవలము న్యాయమునే అనుసరించి నడుచుకొనవలెను’. ‘నే’ మీకు సరిగ్గానే గుర్తుంది, క్రియ మారింది. నా బాధ ఆ ‘నే’తోనే. మూలంలో త్సెదెక్ రెండుసార్లుంటే మనవాళ్లు ఒకదాన్ని మింగేశారు. చకచకా, గబగబా అనకుండా పూట గడవని భాషలో ‘న్యాయం న్యాయం’ అని ఉంచితే ఏం పోయేది?

వలపలగిలక: మింగలేదండీ, లెక్క చూడండి. ‘కేవలము’ ఒకటి, ‘నే’లో ఏకారం ఒకటి. రెండు త్సెదెక్‌లకి రెండు అవధారణలు. ఈ గుంపులో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలీదు.

అరసున్న: ‘కేవలం వంద రూపాయలే’ అన్నప్పుడు వందని పెంచినట్టా, తగ్గించినట్టా? పైగా అవధారణ అంటే ‘ఇంకోటి కాదు’ అని. ద్విరుక్తి అంటే ‘మళ్లీ మళ్లీ’ అని. పన్నెండో శతాబ్దపు యూదు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రా చెప్పిన అర్థాల్లో అదొకటి. లాభమొచ్చినా నష్టమొచ్చినా సరే అన్నది ఇంకొకటి.

వలపలగిలక: వంద రూపాయల ‘కేవలం’ ఈ కాలపుది. పాతది ‘అచ్చంగా’ అన్న అర్థంలో. అది మీకు తెలియక కాదు.

బండి ఱ: ఇద్దరూ పోతన్నని మర్చిపోయారు. ‘ఎందెందు వెదకి చూచిన నందందే కలఁడు’. ద్విరుక్తీ ఉంది, దాని తోకకి ఏకారమూ ఉంది. ఒకటుంటే రెండోది దండగ అని ఆయన అనుకోలేదు. ‘అందందే’ అని పైకి అని చూడండి, స్తంభాన్ని రెండుసార్లు తట్టినట్టుంటుంది. ఆ మాట అంటున్నది ఎవరితో? సింహాసనం మీదున్న తండ్రితో. పక్కింటావిడ అట్ట మీద ఈ కందం రాసినా నప్పుతుంది.

అరసున్న: అది వీప్స, మాస్టారూ. వెదికిన ప్రతిచోటా అని. త్సెదెక్ త్సెదెక్ అంటే ‘ప్రతి న్యాయమూ’ అని కాదుగా? పాణిని ‘నిత్యవీప్సయోః’ (8.1.4) అని నిత్యాన్నీ (మళ్లీ మళ్లీ), వీప్సనీ (ప్రతి ఒక్కటీ) విడదీసే చెప్పాడు.

బండి ఱ: కాదని ఎవరన్నారు? యూదుల ధర్మచర్చల గ్రంథం తల్మూద్‌లో (సన్‌హెద్రిన్ 32బి) ఒక త్సెదెక్ తీర్పుకి, ఒకటి రాజీకి అని విడివిడిగానే పంచారు. ఉదాహరణ ఎంత బాగుంటుందో. నదిలో రెండు పడవలు ఎదురుపడ్డాయి. రెండూ ఒకేసారి దూరితే రెండూ మునుగుతాయి, ఒకదాని తర్వాత ఒకటి వెళితే రెండూ దాటతాయి. బేత్‌హోరోను అనే చోట కొండెక్కే దారిలో ఎదురుపడ్డ ఒంటెలూ అంతే. బరువు మోస్తున్నదానికి ఖాళీది దారివ్వాలి. ఇప్పుడు చెప్పండి, ఇది నిత్యమా, వీప్సా?

కాకినాడ కాజా: పోతన్న సరే, ఒంటెలూ సరే. నా వెంటాడుము?

నూజివీడు రసం: కీర్తన 34:14. ‘సమాధానము వెదకి దాని వెంటాడుము.’ అమ్మమ్మగారి దగ్గర రెండూ విని కలిపేసుకుని ఉంటారు. కానీ ఆ కలపడంలో తప్పు లేదు, హీబ్రూలో రెండుచోట్లా ధాతువు ఒకటే, ర-ద-ఫ. మన అనువాదంలో శాంతినేమో వెంటాడమన్నారు, న్యాయం దగ్గరికొచ్చేసరికి బుద్ధిగా వెనకాల నడవమన్నారు. దొరల కాలం కదా, న్యాయం వెంట జనం పరుగెడితే ప్రమాదమనుకున్నారేమోనని నా అనుమానం.

వలపలగిలక: అనుమానానికి ఆధారం? అయినా ఏ క్రియ వేయమంటారు? ‘తరుము’ అంటే న్యాయాన్ని ఊరవతలికి పంపినట్టు. ‘వెంటపడు’ అంటే కాలేజీ గేటు దగ్గర కుర్రాళ్లు. ‘వెంటాడు’లో వేట ఉంది, పాత అప్పులూ పీడకలలూ చేసే పని అది.

నూజివీడు రసం: వేట హీబ్రూలోనూ ఉంది, అదే అసలు సంగతి. ఆ ధాతువులోంచే ‘రోదెఫ్’ వచ్చింది. అంటే చంపడానికి తరిమేవాడు. వేరే దారి లేకపోతే వాణ్ని చంపైనా ఆపవచ్చని యూదుల పాత ధర్మశాస్త్రం. పాలస్తీనియన్లతో శాంతి ఒప్పందం చేసుకున్నందుకు ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ మీద కొందరు ఛాందస రబ్బీలు ఈ ముద్రే వేశారు. 1995 నవంబరు 4న టెల్ అవీవ్‌లో శాంతి సభ నుంచి వెళుతుంటే ఆయన్ని కాల్చి చంపారు. మళ్లీ అదే ధాతువుతో ‘రోదెఫ్ షాలోమ్’, శాంతిని వెంటాడేవాడు అని పిట్స్‌బర్గ్‌లో, న్యూయార్క్‌లో సినగాగులున్నాయి. పెద్దావిడ తిర్దోఫ్ అని అట్ట మీద రాస్తే, చేజారిన మాటని వెనక్కి లాక్కున్నట్టు నాకు వినిపిస్తుంది.

అరసున్న: రబీన్ సంగతి తెలుసు గానీ ఈ మాటతో ముడి ఉందని తెలీదు. ఒప్పుకుంటున్నా. ‘నే’ విషయంలో కాదు.

బండి ఱ: నేను అనువాదకుడి పక్షం. ‘నడుచుకొనవలెను’ని తీసిపారేయకండి. యూదుల ఆచారధర్మం మొత్తానికి పేరు హలఖా, దాని ధాతువుకి అర్థం నడవడం! 1938లో నాజీలు జర్మనీ నుంచి గెంటేసిన రబ్బీ హెషెల్, 1965 మార్చి 21న అమెరికాలోని సెల్మాలో నల్లవారి ఓటుహక్కు కోసం జరిగిన ఊరేగింపులో మార్టిన్ లూథర్ కింగ్‌తో ముందువరసలో నడిచాడు. కాళ్లు ప్రార్థన చేస్తున్నట్టు అనిపించిందని తర్వాత చెప్పుకున్నాడు. వెంటాడమంటే ఇంతకన్నా ఏం చేయాలి?

అరసున్న: ‘నడుచుకొను’ అంటే నడక కాదు మహానుభావా, నడవడి. ‘చుట్టాలింట్లో బుద్ధిగా నడుచుకో’.

బండి ఱ: హలఖా కూడా నడవడేగా!

నూజివీడు రసం: ఆ హెషెల్ మాటని నేనొకసారి ‘నా కాళ్లు మొక్కాయి’ అని తెలుగు చేశాను. చదివినవాళ్లంతా ఒకటే ప్రశ్న, ఎవరి కాళ్లు మొక్కారండీ అని. చివరికి ‘ప్రార్థన’కే దిగాను. అచ్చతెలుగు మోజు ఆరోజుతో తీరింది.

కాకినాడ కాజా: మీ గొడవంతా పక్కింటావిడకి చెప్పాను. కీర్తనలోని ‘సమాధానం’ అంటే మాకిప్పుడు జవాబు అని చెబితే పడీపడీ నవ్వింది. వెలిసిన త్సెదెక్‌ని వచ్చే ఆదివారంలోపు దిద్దుతానంది. అమ్మమ్మ బైబిల్ చెల్లి దగ్గరుంది, ఆ పేజీ ఫోటో పెట్టమన్నాను. అది వేరే ముద్రణేమో చూద్దాం.

వలపలగిలక: వస్తే ఇక్కడ పెట్టండి. ‘న్యాయమునే’ అనుందో, ‘న్యాయమే’ అనుందో చూడాలి.