సరిహద్దులో పంట తనిఖీల ఖర్చు ఖజానాదా, దాటేవాళ్లదా?

గట్టుమనిషి:
బయటి దేశాల నుంచి వచ్చే పళ్లు, గింజలు, మొక్కలు, మాంసం, చివరికి సరుకు చుట్టిన చెక్క పెట్టెలు కూడా సరిహద్దు దగ్గర పురుగు కోసం, తెగులు కోసం చూస్తారు. ఇన్‌స్పెక్టర్ల జీతాలు, ల్యాబ్‌లు, వాసన పట్టే కుక్కల పోషణ, వీటన్నిటికీ చాలా దేశాల్లో దిగుమతిదారుల నుంచి, ప్రయాణికుల నుంచి ఫీజు వసూలు చేస్తున్నారు. "దాటేవాడే కట్టుకోవాలి" అనే మాట వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఈ తనిఖీకి కావలసిన కనీస ఖర్చు ప్రభుత్వ ఖజానాలోంచే రావాలని నా అభిప్రాయం.

2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి పాకినప్పుడు ఆవులు, గొర్రెలు, పందులు అన్నీ కలిపి 60 లక్షలకు పైగా చంపేశారు. ప్రభుత్వానికి 300 కోట్ల పౌండ్లు, ప్రైవేటు రంగానికి 500 కోట్ల పౌండ్లు దాటి పోయాయని అక్కడి ఆడిట్ కార్యాలయం లెక్క తేల్చింది. దొంగతనంగా వచ్చిన మాంసం, సరిగా ఉడికించని కుడితిలో కలిసి పందులకు చేరి ఉంటుందని అధికారుల అంచనా. అదే నిజమైతే ఆ మాంసం తెచ్చినవాడు ఏ ఫీజూ కట్టి ఉండడు. రోగం వచ్చాక మాత్రం అందరి పన్నుల్లోంచీ వందల కోట్లు తీశారు. అప్పుడు తీయగలిగిన ఖజానా ముందే ఎందుకు తీయకూడదు?

లెక్కలపుస్తకం:
గట్టుమనిషి గారూ, మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోలేను. కంటైనర్ తెప్పించుకున్నవాడికి లాభం వస్తుంది. అందులో పురుగు ఉందో లేదో చూసే ఖర్చు మాత్రం జన్మలో విమానం ఎక్కని కూలి మనిషి పన్నులోంచి పోవాలా? పైగా తనిఖీ ఖర్చు సరుకు ధరలో కలవకపోతే దిగుమతి సరుకు అసలు ఖర్చు కంటే చవకగా అమ్ముడవుతుంది. దానితో పోటీ పడాల్సింది ఇక్కడి రైతే కదా.

ఇంకో మాట. ఖజానాని మీరు మరీ ఎక్కువ నమ్ముతున్నారు. తనిఖీ బాగా జరిగిన ఏడాది ఏమీ జరగదు. ఏమీ జరగని శాఖకే బడ్జెట్‌లో ముందు కోత పడుతుంది. రోడ్డు కోసం, ఆసుపత్రి కోసం ధర్నా చేసేవాళ్లుంటారు గానీ, రాని పురుగు కోసం ఎవరూ కూర్చోరు. ఫీజు డబ్బు అలా కాదు, చట్టం ప్రకారం ఆ పనికే వెళ్తుంది. 1990 చట్టం నుంచి అమెరికా ఈ దారిలోనే నడుస్తోంది. విమాన ప్రయాణికులు, ఓడలు, లారీలు, రైలు వ్యాగన్లు అన్నిటికీ ఫీజు ఉంది.

రేవుదారి:
నేను సరుకు క్లియరెన్స్ పనిలో ఉన్నాను. ఫీజు కట్టడానికి మా పార్టీలు, అంటే సరుకు తెప్పించుకునే మా ఖాతాదారులు, పెద్దగా గొడవ చేయరు. కట్టినా పని జరగకపోతేనే కడుపు మండుతుంది. ఒకసారి శుక్రవారం సాయంత్రం పళ్ల కంటైనర్ దిగింది. ఫీజు అప్పటికే కట్టేశాం. ఇన్‌స్పెక్టర్ సోమవారం గానీ రాలేదు, ఉన్నది ఒక్కడే, ఆ రెండు రోజులూ సెలవు. తెరిచేసరికి సగం పళ్లు మెత్తబడ్డాయి. పురుగు లేదని కాగితం ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఏం చేసుకోవాలి? వచ్చిన ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన మూడు మనుషుల పని చేస్తున్నాడు.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 30 నుంచి, డోవర్ రేవు, చానెల్ సొరంగం గుండా ఐరోపా నుంచి వచ్చే మొక్కలు, జంతు ఉత్పత్తుల మీద ఒక ఉమ్మడి చార్జీ పెట్టారు. పెట్టినప్పుడు ఒక్కో కన్‌సైన్‌మెంట్‌కు గరిష్ఠంగా 145 పౌండ్లు. సరుకు తెరిచి చూసినా, చూడకపోయినా కట్టాల్సిందే. లారీ నిండా తెప్పించేవాడికి అది లెక్కలోకి రాదు, నాలుగు పెట్టెల మొక్కలు తెప్పించే చిన్న వ్యాపారికి లాభమంతా అందులోనే పోతుంది. కాబట్టి "దాటేవాడు" అంటే ఒకే రకం మనిషి కాదండీ.

మొలక:
మాది పళ్ల తోటల కుటుంబం. ఈ చర్చలో రైతు సంగతి తక్కువగా వస్తోందని రాస్తున్నాను. అమెరికాలోని ఫ్లోరిడాలో 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజ పండింది. 2005లో అక్కడ సిట్రస్ గ్రీనింగ్ తెగులు బయటపడింది. ఒక చిన్న రసం పీల్చే పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది, చెట్టుకు సోకితే మందు లేదు. 2022-23కి దిగుబడి 1.6 కోట్ల పెట్టెలకు పడిపోయింది. తుపాను దెబ్బ కూడా ఉంది, కానీ చెట్ల నడుము విరిచింది ఆ తెగులే. ఎవరి సామానులో వచ్చిందో ఎవరికి తెలుసు? ఎవరి మీద కేసు పెడతారు?

అలాంటిది ఆస్ట్రేలియా 2023 మే బడ్జెట్‌లో, 2024 జులై 1 నుంచి రైతుల మీదే బయోసెక్యూరిటీ లెవీ, అంటే బయటి తెగుళ్లు, రోగాలు రాకుండా చూసే పనికి పన్ను, వేస్తామని ప్రకటించింది. రోగం తెచ్చేది వేరేవాళ్లు, కట్టేది మేమా అని రైతులు గట్టిగా అడిగారు. బిల్లు సెనేట్ దాటలేదు, చివరికి వదిలేశారు. మంచి పని జరిగింది.

గట్టుమనిషి:
లెక్కలపుస్తకం గారూ, మీరు చెప్పిన అమెరికా దగ్గరికే వస్తాను. 2020లో విమానాలు ఆగిపోయాయి, ప్రయాణికుల ఫీజు ఒక్కసారిగా పడిపోయింది. సరుకు ఓడలు, లారీలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్లను ఇంటికి పంపలేరు కదా. ఆ డిసెంబర్‌లో అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ ఖజానా నుంచి 63.5 కోట్ల డాలర్లు ఇచ్చి ఆ లోటు పూడ్చాల్సి వచ్చింది. అదే ఏడాది మార్చిలోనేమో, సిబ్బంది కొరత తీరేదాకా ఏటా 240 మంది వ్యవసాయ నిపుణులను తీసుకోవడానికి చట్టం చేశారు. కొరత ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంది. మరి రాబడి ఊగుతుంటే ఏ ధైర్యంతో మనుషుల్ని తీసుకుంటారు? ఈ పని నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఒక లార్వాను చూసి ఏ జాతిదో అనుమానించగల కన్ను ఒక్క సీజన్‌లో తయారు కాదు.

రెండోది, అక్కడ భూ సరిహద్దును సొంత కారులోనో కాలినడకనో దాటేవాళ్లకు ఈ ఫీజు లేదు. వాళ్ల సంచులు చూడాల్సిందేగా. ప్రతి మనిషి దగ్గరా చిల్లర వసూలు చేస్తూ కూర్చుంటే క్యూ ఎక్కడిదాకా పోతుందో ఊహించండి.

అసలు ప్రమాదం ఫీజు కట్టే సరుకులోనే వస్తుందన్న నమ్మకం కూడా లేదు. 2007లో పందుల్ని చంపే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ జార్జియా దేశంలోని పోతి రేవు దగ్గర బయటపడింది. ఓడల వంటగది చెత్త పందులకు చేరడం వల్లే అని బలమైన అనుమానం. ఖాప్రా పురుగు ధాన్యం గోదాముల శత్రువు, దాని లార్వాలు తిండి లేకుండా ఏళ్ల తరబడి బతుకుతాయి. 2020లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో అది దొరికింది ఒక దిగుమతి ఫ్రిజ్ ప్యాకింగ్‌లో. ఫ్రిజ్ అమ్మేవాడికి ధాన్యంతో ఏం పని? మీరు అతని దగ్గర ఏ లెక్కన వసూలు చేస్తారు?

లెక్కలపుస్తకం:
2020 ఉదాహరణకు నా దగ్గర జవాబు ఉంది, నిల్వ నిధి. మంచి ఏళ్లలో పక్కన పెట్టుకోవాలి.

గట్టుమనిషి:
పెట్టుకోవాలి, కానీ ఎంత? ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం తనిఖీ ఫీజు ఆ పనికయ్యే అసలు ఖర్చును మించకూడదు. కాబట్టి పొలాల్లో ఎరలు పెట్టి నిఘా వేయడానికీ, పురుగు దొరికితే నిర్మూలించడానికీ దిగుమతిదారు ఫీజును పెంచుకుంటూ పోలేరు. ఆ రెండూ లేకపోతే సరిహద్దు తనిఖీ సగం పనే.

లెక్కలపుస్తకం:
సరే, కారులో, నడిచి దాటేవాళ్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, అది ఖజానా పనే. నిఘా కూడా. కానీ చెప్పకుండా తెచ్చేవాడిని వదలొద్దు. న్యూజీలాండ్‌లో సంచిలో పండు ఉందని చెప్పకపోతే అక్కడికక్కడే 400 న్యూజీలాండ్ డాలర్ల జరిమానా. అలాంటిది అన్నిచోట్లా ఉండాలి. కంటైనర్ల విషయంలో మాత్రం నా మాట మారదు. లాభం చూసుకునేవాడే ఆ ఖర్చు కట్టాలి. బడ్జెట్ కోత భయం కూడా నాకు పోలేదు. ఖజానా వాటా ఏటా మంత్రి దయ మీద కాకుండా, ఐదేళ్లకోసారి చట్టంలోనే రాసి పెడితే ఆలోచిస్తాను.

గట్టుమనిషి:
ఐదేళ్లకు రాసి పెట్టడం నాకూ ఇష్టమే. అందులో డబ్బు ఎంతో రాసి ఊరుకోకుండా, ఒక్కో సరిహద్దుకు ఎంతమంది మనుషులు ఉండాలో కూడా రాయాలి.

రేవుదారి:
సెలవు రోజు, రాత్రి షిఫ్టుకు అదనపు ఫీజు పెట్టండి, మా పార్టీలు కడతారు. ఆ డబ్బుతో ఆ రాత్రి మనిషి వస్తాడని రసీదు మీద రాసివ్వాలి. రాకపోతే ఫీజు వెనక్కి ఇవ్వాలి.